ఫిర్యాదుల ఫోనుకి సొగసు మార్కులు

మా కోటిలంక పురపాలక సంఘం వారి ఫిర్యాదుల ఫోను సాంబారులో పడి కన్నుమూసింది. చెవికీ భుజానికీ మధ్య దాన్ని ఇరికించుకుని, కుక్కల బెడద మీద ఎవరో పెద్దాయన పెడుతున్న గోల వింటూ ఇడ్లీ తుంచుతున్నాను. ఆ పెద్దాయన మా అధికారులందరినీ కలిపి ఒకే ఒక్క మాట అన్నాడు. అదిక్కడ రాయను. నాకు నవ్వొచ్చింది, భుజం కదిలింది, ఫోను జారింది. ఏళ్ళ తరబడి ఊరి తిట్లన్నీ భరించిన ఫోను నూకరత్నం సాంబారుకి తట్టుకోలేకపోయింది.

నా పేరు గవర్రాజు. ఫిర్యాదుల విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. విభాగమంటే ఏదో అనుకునేరు. ఒక బల్ల, ఒక కుర్చీ, ఆ ఫోను, నేను. అంతే. అందులో పనికొచ్చేది ఫోనొక్కటేనని మా ఆఫీసులో చాలామంది అభిప్రాయం. ఇప్పుడు అదీ పోయింది.

నూకరత్నం ఎవరంటే, మా ఆఫీసు వెనకనున్న కాలవగట్టు వీధిలో రేకుల షెడ్డు కింద టిఫిను హోటలు నడిపే మనిషి. మొగుడు పోయాక ఆ ఇడ్లీపాత్ర మీదే ఒంటిచేత్తో సంసారం నెట్టుకొస్తోంది. నా పొద్దుటి టిఫిను అక్కడే. కాబట్టి ఈ కథలో నేను నిష్పక్షపాతంగా ఉంటానని ఎవరూ ఆశపెట్టుకోవద్దు. ఆవిడ ఇడ్లీ తిన్నవాడెవడూ నిష్పక్షపాతంగా ఉండలేడు.

పాత ఫోను పోయిందని నోటు పెట్టాను. "ఫిర్యాదుల నిమిత్తము ఫోను ఒకటి కొనవలెను. బొత్తాలది చాలును. గట్టిగా మోగవలెను." ఇంతకన్నా రాయడానికి ఏముంటుంది చెప్పండి? సాయంత్రానికి సంతకమై వస్తుందనుకున్నాను. సాయంత్రానికి నన్నే రమ్మని కబురొచ్చింది.

మా కమిషనర్ ఇంద్రకాంత్ గారు కుర్రాడు, చురుకైనవాడు. అప్పుడే రాజధానిలో ఏదో శిక్షణ ముగించుకుని కొత్త మాటలు కొన్ని పట్టుకొచ్చారు. ఆ మాటలు ఎక్కడ వాడాలా అని చూస్తున్న సమయంలో నా నోటు ఆయన బల్ల మీద పడింది. నా ఖర్మ.

"గవర్రాజు గారూ, ఏమిటీ అల్పదృష్టి?" అన్నారు. "ఫిర్యాదు స్వీకరించే సాధనం కేవలం సాధనం కాదు. అది సంస్థ యొక్క ముఖారవిందం."

"ఫోను చేసేవాళ్ళకి మన ఫోను కనపడదు కదండీ."

ఆయన నాకేసి జాలిగా చూశారు. "కనపడదు. కానీ అనుభూతిలోకి వస్తుంది. అగ్రశ్రేణి ఫోను చేతిలో ఉన్న ఉద్యోగి గొంతులో ఒక ఔన్నత్యం తొణికిసలాడుతుంది. బొత్తాల ఫోను పట్టుకున్నవాడి గొంతు ఎలా ఉంటుందో తెలుసా? మీ గొంతులా ఉంటుంది."

ఆ గొంతుతోనే "చిత్తం" అన్నాను.

అగ్రశ్రేణి ఫోను కొనాలని అక్కడికక్కడే నిర్ణయమైపోయింది. అయితే ప్రజాధనం కదా. ఇచ్చే ధరకి తగిన సొగసు, ఆ సొగసుకి తగిన ధర ఉన్నాయో లేదో శాస్త్రీయంగా తేల్చిన తరవాతే కొనాలి. అందుకోసం "సౌందర్య మూల్య సమన్వయ సంఘం" అని ఒకటి వెలిసింది. ధర పక్షాన అకౌంట్స్ అధికారి వైకుంఠరావు గారు. సొగసు పక్షాన పట్టణ ప్రణాళికాధికారి మృదులాదేవి గారు. కుర్చీలు వెయ్యడానికి నేను. అప్పటిదాకా ఏదో ఒక తాత్కాలిక ఫోను వాడితే సంస్థ పరువు పలచనవుతుందని సిమ్ము కార్డుని ఒక కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి, బీరువాలో భద్రపరిచారు.

మా దగ్గర ఇంకో నియమం ఉంది. ఇదీ కమిషనర్ గారి ఆవిష్కరణే. ఫిర్యాదు ఫోనులోనే చెయ్యాలి. ఫోనులో చెబితే నంబరు వస్తుంది. నేరుగా వచ్చి నోటితో చెబితే నంబరు రాదు. నంబరు లేనిది ఫిర్యాదు కాదు, పిచ్చాపాటీ కిందికి వస్తుంది.

మర్నాడే నూకరత్నం పిచ్చాపాటీకి వచ్చింది.

"గవర్రాజుగారండీ, మా కుళాయిలో మురుగ్గాలవ వచ్చేస్తందండి. ఆయ్. బిందెట్టుకుంటే పైన నురగండి, అడుగున నలకలండి. ముక్కు మూసుకోకండా వొంగలేకపోతన్నాం."

"ఫోను చెయ్యి నూకరత్నం."

"చేత్తానే ఉన్నానండి. ఎవరూ పలకట్లేదు."

"ఎవరూ అంటే నేనేగా. ఫోను నీ సాంబారులోనే పోయె. ఎలా పలకను?"

"మరైతే ఇప్పుడు చెప్తన్నాను కదండీ, రాసేసుకోండి."

"నోటితో చెబితే నంబరు రాదు."

"పోనీ ఫోను పలకట్లేదని ఫిర్యాదు చేద్దారంటే?"

"అదీ ఫోనులోనే చెయ్యాలి."

ఆవిడ కొంగు నడుముకి చుట్టి నాకేసి అదోలా చూసింది. "ఏవండీ, పొద్దున్నే నాతో ఏళాకోళవాడతన్నారా?"

"నేను కాదమ్మా, నియమం."

"ఆ నియమాన్ని మా ఈదికి తీసుకొచ్చి ఓ గళాసుడు తాగమనండి," అనేసి వెళ్ళిపోయింది. హోటలుకి నీళ్ళ టిన్నులు కొనుక్కోవడం మొదలుపెట్టింది. ఆ ఖర్చుకి నా ఇడ్లీ చిక్కిపోయింది. నేను గమనించానని ఆవిడా గమనించింది.

సంఘం మొదటి సమావేశానికి బజారు నుంచి ఒక షాపు కుర్రాడు ఖరీదైన ఫోన్లన్నీ పెట్టెలో సర్దుకుని వచ్చి, బల్ల మీద గుడ్డ పరిచి పేర్చాడు. నిజం చెప్పాలంటే ముచ్చటగా ఉన్నాయి. తాకితే జారిపోతున్నాయి.

వైకుంఠరావు గారు తాకలేదు. ఆయన సొంత ఫోను వెనక డొప్ప ఊడిపోతే రబ్బరు బ్యాండు వేసి నడుపుతున్న మనిషి. "సొగసు అనేది ఏ పద్దు కింద రాస్తామండీ?" అన్నారు. "కుర్చీ అంటే కుర్చీ పద్దు. చీపురంటే చీపురు పద్దు. సొగసుకి ప్రత్యేకంగా నిధులు మంజూరైనట్టు నా దృష్టికి రాలేదు."

మృదులాదేవి గారు చేతిసంచిలోంచి స్కేలు తీశారు. "ఊళ్ళో ప్రతి మేడ ముఖానికీ అనుమతిచ్చేది నేను. ఫోనూ కట్టడమే. కాకపోతే చిన్నది. నిబంధనలు మారవు." మొదటి ఫోను అందుకుని నాలుగు వైపులా కొలిచారు. మొహం ముడుచుకున్నారు. "ఏమయ్యా, తెర అంచు దాకా కట్టేశారే? చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా ఏది?"

"అదే లేటెస్టు స్టైలండి మేడమ్," అన్నాడు కుర్రాడు.

"అందరూ అలాగే అంటారు. రేపు పక్క ఫోనుకి గాలీ వెలుతురూ ఎలా వస్తుంది?" తిప్పి వెనక్కి చూశారు. అక్కడ మూడు కెమెరాలు బొడిపెల్లా పొడుచుకొచ్చి ఉన్నాయి. ఆవిడ గొంతు కఠినమైంది. "గోడ దాటి బయటికి తెచ్చారు. ఇది స్పష్టంగా అనధికార నిర్మాణం. నోటీసు ఇచ్చి కూల్చాల్సి ఉంటుంది."

షాపు కుర్రాడు ఆ ఫోనుని గభాల్న లాక్కుని గుండెకి హత్తుకున్నాడు. బతిమాలి కూర్చోబెట్టేసరికి నా తాతలు దిగొచ్చారు. చివరికి జరిమానా కింద రెండు మార్కులు కోసి, కెమెరాల్ని క్రమబద్ధీకరించారు.

ఇక మార్కుల పద్ధతి. ధరకి యాభై, సొగసుకి యాభై. ధర తగ్గేకొద్దీ మార్కులు పెరుగుతాయని వైకుంఠరావు గారు తేల్చేశారు. అందులో వాదన లేదు. సొగసు దగ్గరే పేచీ వచ్చింది.

"మీకు నచ్చింది కాబట్టి సొగసంటే ఆడిటు ఒప్పుకోదమ్మా. ఆధారం చూపించాలి," అన్నారు వైకుంఠరావు గారు.

"ఆధారం దాని ధరే. సొగసు లేకపోతే అంత ధర ఎలా పెడతారు?"

వైకుంఠరావు గారు ఆ మాటని ఒక కాగితం మీద రాసి చూసుకున్నారు. "కాగితం మీద నిలబడుతుంది," అని ఒప్పుకున్నారు.

కాబట్టి ధర పెరిగేకొద్దీ సొగసు మార్కులు పెరిగాయి, అదే కొలతన ధర మార్కులు తగ్గాయి. కూడికలు నేనే వేశాను. జరిమానా కొయ్యకముందు ప్రతి ఫోనుకీ సరిగ్గా యాభై వచ్చాయి. కోసిన జరిమానా అన్నిటికీ ఒకటే కాబట్టి అదీ సమానమే. నా లెక్క తప్పిందేమోనని మళ్ళీ వేశాను. మళ్ళీ అంతే. వేడుక కోసం చచ్చిపోయిన నా బొత్తాల ఫోనుకి కూడా వేసి చూశాను. దానికీ అంతే వచ్చాయి.

ఫలితం చూసి కమిషనర్ గారు కుర్చీలోంచి లేచారు. "అద్భుతం! సంపూర్ణ సమన్వయం! సొగసూ ధరా ఒకదాన్నొకటి ఆలింగనం చేసుకున్నాయి! ఇలాంటి నివేదిక రాష్ట్రంలో ఇంకెక్కడా వచ్చి ఉండదు."

"మరి ఏది కొనమంటారండీ?"

"అది వచ్చే సమావేశంలో."

ఈ మధ్యలో నూకరత్నం కొంప మునిగింది. మా ఆఫీసులోనే ఆరోగ్య విభాగం అని ఒకటుంది. వాళ్ళకి ఉన్నట్టుండి చురుకు పుట్టి కాలవగట్టు వీధి హోటళ్ళ మీద పడ్డారు. వంటకి వాడే టిన్ను వదిలేసి, నూకరత్నం కుళాయి నీళ్ళు సీసాలో పట్టి పరీక్షకి పంపారు. "నీరు మానవ వినియోగమునకు తగదు" అని వచ్చింది. హోటలుకి తాళం వేసి సీలు కొట్టారు. ఇడ్లీపాత్ర లోపలే ఉండిపోయింది.

ఆవిడ ఏడుస్తూ రాలేదు, మండిపోతూ వచ్చింది.

"ఆ నీళ్ళు ఎవరివండీ? నేనేవన్నా కాశీ నుంచి తెప్పించుకున్నానా? మీ పైపు, మీ కుళాయి, మీ పన్ను! అడిగితే ఆ ఇనస్పెట్రుగారేవంటారూ, 'పైపులో తప్పుందని మాకేం తెల్సు, నీ బిందెలోనే ఉందేమో, ఫిర్యాదు నంబరు చూపించు, తాళం తీత్తాం' అంటారు. నంబరిప్పించండి. మీ కాళ్ళట్టుకుంటాను."

నీళ్ళిచ్చింది మేమే, బాగోలేవని తేల్చింది మేమే, తాళం వేసింది మేమే. ఇన్ని పనులు ఒక్క చేతి మీద జరిగిపోతే జనం మా ఆఫీసులో పని జరగదని ఎందుకంటారో తెలీదు.

కమిషనర్ గారి దగ్గరికి వెళ్ళి సంగతంతా చెప్పాను. ఒక్క నంబరు చేత్తో రాసిచ్చేస్తానన్నాను.

"గవర్రాజు గారూ," అన్నారాయన మెత్తగా, "వ్యక్తిగత సానుభూతి వ్యవస్థకి చెదపురుగు. ఆమె వేదన సముచితమైన సాధనం ద్వారా రావాలి. ఆ సాధనం త్వరలోనే వస్తోంది. ఎంత అందమైన సాధనంలో ఆమె ఫిర్యాదు నమోదు కాబోతోందో ఆమెకి తెలియజేయండి. ఊరట పొందుతుంది."

తెలియజేశాను. నూకరత్నం పొందిన ఊరట ఆఫీసు గేటు దాకా వినిపించింది.

ఇంతలో నెలాఖరొచ్చింది. పై ఆఫీసుకి పంపే నివేదికలో "ఈ మాసము వచ్చిన ఫిర్యాదులు" అన్నచోట సున్నా వేశాను. ఉన్నమాటే కదా. మరుసటి నెలా సున్నాయే. దాంతో పై ఆఫీసులో కలకలం రేగింది. రాష్ట్రంలో ఎక్కడా ఇంత తృప్తిగా ఉన్న జనం లేరట. కోటిలంకకి "నిరభియోగ పురపాలక పురస్కారం" ప్రకటించారు. మంచినీటి విభాగంలో ప్రత్యేక ప్రశంస కూడా.

"చూశారా గవర్రాజు గారూ?" అన్నారు కమిషనర్ గారు. ఆయన కళ్ళు చెమర్చాయి కూడానూ. "ఫోను ఇంకా కొననే లేదు. కొనబోతున్నామన్న వార్తకే పౌరులు ఇంత శాంతించారు. కొంటే ఏమవుతారో!"

పురస్కారం ఇవ్వడానికి పై ఆఫీసు నుంచి ఒక పెద్దాయన వస్తున్నారు కాబట్టి, అదే రోజున ఫోను ప్రారంభోత్సవం పెట్టారు. సంఘం హడావిడిగా కూర్చుంది. అన్ని ఫోన్లకీ మార్కులు సమానం కదా. అందుకని మృదులాదేవి గారు ప్రయోగాత్మక పరీక్ష ప్రతిపాదించారు. అంటే, ఒక్కో ఫోనూ చెవికి పెట్టుకుని నేను వరండాలో అటూ ఇటూ నడవాలి. వాళ్ళు చూడాలి.

నడిచాను. చెవి దగ్గర ఫోను, ఎదురుగా టైపిస్టులు, నవ్వులు. ఎండాకాలం. నా అవస్థ పగవాడికి వద్దు.

"లాభం లేదు," అన్నారు మృదులాదేవి గారు. "ఏ ఫోనైనా ఈయన చేతిలోకి వెళ్ళేసరికి రేటు పడిపోయినట్టు కనిపిస్తోంది."

కమిషనర్ గారు తాను పట్టుకుని నడిచారు. అన్ని ఫోన్లూ అద్భుతంగా ఉన్నాయని అందరూ ఒప్పుకున్నారు. "లోపం ఫోనులో లేదు. హస్తంలో ఉంది," అని సంఘం తీర్మానించింది. కాబట్టి నా చెయ్యి సోకినా సొగసు కోల్పోనంత సొగసు ఉన్న ఫోను, అంటే అన్నిటికన్నా ఖరీదైనది కొనాలని మృదులాదేవి గారు పట్టుపట్టారు.

వైకుంఠరావు గారు అడ్డం తిరుగుతారనుకున్నాను. ఆయన మీదే ఆశ పెట్టుకున్నాను కూడా. ఆయన షాపు కుర్రాణ్ణి, దేని మీద ఎంత తగ్గిస్తావని అడిగారు. అన్నిటికన్నా ఖరీదైనదాని మీదే అన్నిటికన్నా ఎక్కువ తగ్గింపు ఉందని తేలింది.

"అయితే అదే కొనాలి," అన్నారు. "చవకది కొంటే మిగిలేది తక్కువ. ఇది కొంటే ఎక్కువ మిగులుతుంది. ఇంతకన్నా ఖరీదైంది ఉందా బాబూ? లేదా? ప్చ్. ఇంకా మిగిలేది."

ప్రారంభోత్సవానికి ముందురోజు ఫోను వచ్చింది. గోధుమ వన్నె. వెనక అద్దం, అంచుల్లో ఏదో లోహం. అలిగిన పెళ్ళికూతురిలా మహా బింకంగా ఉంది. మా ఆఫీసులోకి ఏ వస్తువొచ్చినా దాని మీద పురపాలక సంఘం పేరూ నంబరూ తెల్లరంగుతో రాయించడం ఆనవాయితీ. కుర్చీకి రాశాం, ఫ్యానుకి రాశాం, చెత్తడబ్బాలకి రాశాం. చెత్తడబ్బాలకి రాసే మనిషే ఆ బ్రష్షుతోనే వచ్చి ఫోను వెనకాల "కో.పు.సం. ఫిర్యాదులు" అని నిండా రాసి, కింద నంబరు వేసి పోయాడు. మృదులాదేవి గారు కళ్ళు మూసుకున్నారు. ఆ తరవాత ప్రభుత్వ ఆస్తి కింద పడితే బాధ్యులెవరని వైకుంఠరావు గారు నల్లటి రబ్బరు తొడుగు ఒకటి తెచ్చి తొడిగారు. చెప్పుల అంగడి ముందు బుట్టలో పోసి అమ్ముతారే, ఆ రకం. ఇప్పుడు ధరా లోపలే ఉంది, సొగసూ లోపలే ఉంది. పైకి మాత్రం నా చచ్చిపోయిన ఫోనుకి పెదనాన్నలా ఉంది.

దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి వైకుంఠరావు గారు ఉంచుకున్నారు. ప్రజలు దర్శించుకోవాలని పగలూ రాత్రీ తెర వెలిగే ఉంచారు.

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే నూకరత్నాన్ని పక్కకి పిలిచాను. "ఇవాళ సిమ్ము వేస్తారు. వెయ్యగానే మొట్టమొదటి ఫోను నువ్వే చెయ్యి. నేను ఎత్తి నంబరు ఇచ్చేస్తాను. నంబరు పడ్డాక ఎవడూ ఏమీ చెయ్యలేడు."

"మళ్ళీ ఏదో ఒకటి అడ్డవొత్తదేవోనండి," అంది ఆవిడ.

"ఈసారి రాదు. ఫోను ఉంది, సిమ్ము ఉంది, నేనున్నాను."

పెద్దాయన రిబ్బను కత్తిరించారు. లక్క ముద్ర పగలగొట్టి సిమ్ము వేశారు. పెట్టె మూసి మళ్ళీ తాళం వేశారు. కమిషనర్ గారు మైకు ముందు నిలబడి, "మా నీటిపై మాకున్న గర్వానికి గుర్తుగా, నేటి నుంచి ఈ కార్యాలయంలో కొనుగోలు నీళ్ళ టిన్నులు నిషేధం. మన కుళాయి నీరే మన దాహం తీర్చుగాక!" అన్నారు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్యలో ఫోను మోగింది.

తెర మీద నూకరత్నం నంబరు. గేటు అవతల ఫోను చెవికి ఆనించుకుని ఆవిడ నాకేసే చూస్తోంది. నేను ముందుకి ఉరికాను.

"తాళంచెవి ఇవ్వండి సార్!"

వైకుంఠరావు గారు జేబులు తడుముకుంటున్నారు. మృదులాదేవి గారు నా చెయ్యి పట్టుకుని, "ముందు చేతులు తుడుచుకోండి, వేలిముద్రలు పడతాయి," అంటున్నారు. నేను పంచెకి చేతులు తుడుచుకుంటుంటే పై ఆఫీసు పెద్దాయన చెయ్యెత్తి అందరినీ ఆపారు.

"ఆహా! వీణ కదూ? ఎంత శ్రావ్యంగా ఉంది! కాసేపు మోగనివ్వండి."

ఇక చూసుకోండి. అధికారులందరూ చేతులు కట్టుకుని, తలలు ఊపుతూ, నూకరత్నం ఫిర్యాదుని కచేరీలా విన్నారు. తాళంచెవి దొరికింది. నేను పెట్టె తెరిచాను. చెయ్యి పెట్టాను. తెర నల్లబడిపోయింది. రాత్రింబవళ్ళు వెలిగి వెలిగి ఛార్జింగు అయిపోయింది. గేటు అవతల నూకరత్నం చెవి మీంచి ఫోను దించడం కనపడింది. నాకు ఆవిడ మొహం చూడాలంటే సిగ్గేసింది.

ఛార్జరు కోసం ఫోను వచ్చిన పెట్టె విప్పితే లోపల ఒక తీగ తప్ప ఏమీ లేదు. షాపు కుర్రాణ్ణి పిలిపించారు.

"ఈ లెవెలు ఫోన్లకి ఛార్జరివ్వరండి," అన్నాడు. "ఇవ్వకపోవటవే స్టైలండి."

నా దగ్గర పాత ఛార్జరు ఉందన్నాను. పసుపుపచ్చగా మారిపోయిన దాన్ని చూసి మృదులాదేవి గారు, "దీన్నా? దానికా?" అని రెండు మాటల్లో కొట్టిపారేశారు. ప్రైవేటు ఛార్జరుతో ప్రభుత్వ ఫోనుకి కరెంటు ఎక్కిస్తే ఆ కరెంటు ఎవరిదవుతుందని వైకుంఠరావు గారు అడిగారు. ఛార్జరు కొనాలి. అగ్రశ్రేణి ఫోనుకి తగిన ఛార్జరు. ధర, సొగసు. సంఘాన్ని మళ్ళీ కూర్చోబెట్టారు.

ఆ సమావేశానికి కమిషనర్ గారే అధ్యక్షత వహించారు. ఉక్కబోత. మజ్జిగ కావాలన్నారు. తాళం పడ్డ హోటలు ముందు ఊరికే కూర్చునే నూకరత్నానికి ఈ పనైనా దొరుకుతుందని ఆవిడని పిలిచాను. ఆవిడ చిక్కటి పెరుగు చిలికి, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు దంచి వేసి, తన డబ్బులతో కొన్న నీళ్ళ టిన్ను భుజాన పెట్టుకుని వచ్చింది.

"టిన్ను బయట పెట్టు," అన్నారు వైకుంఠరావు గారు. "నిషేధం. పైగా దానికో బిల్లు పెడతావు."

"బిల్లొద్దండి. ఈ నీళ్ళే పోత్తానండి. మీ కుళాయి, మా కుళాయి ఒకటే పైపండి. ఆ నీళ్ళు మంచియి కాదండి బాబూ."

"నిజమేనండి, ఆఫీసు వెనకే ఆ వీధి," అన్నాను నేను.

కమిషనర్ గారు చిరునవ్వు నవ్వారు. "అమ్మా, ఆ నీటి మీద ఎన్ని ఫిర్యాదులున్నాయో తెలుసా? సున్నా. పురస్కారం గోడ మీదే ఉంది, చూడు."

"చూసేనండి. నా చేత్తో మాత్రం ఆ నీళ్ళు పొయ్యను. నా మజ్జిగ తాగి ఎవరికీ ఏవీ అవ్వలేదు ఇప్పటిదాకా," అని కుండ దించేసి పక్కకి నిలబడింది.

కమిషనర్ గారు స్వయంగా జగ్గు పట్టుకుని వెళ్ళి, కుళాయి తిప్పి, నింపుకొచ్చి, అందరూ చూస్తుండగా మజ్జిగలో పోశారు. అల్లం ఘాటుకి వాసన తెలియలేదు. ముగ్గురూ రెండేసి గ్లాసులు తాగారు. "మన నీటి రుచే వేరు!" అన్నారు కమిషనర్ గారు. నన్నూ తాగమన్నారు. జలుబన్నాను.

మర్నాడు ఆఫీసు తలుపులు తీసేసరికి నూకరత్నం ఎప్పటిలాగే నా బల్ల ముందు నిలబడి ఉంది. వైకుంఠరావు గారూ మృదులాదేవి గారూ సెలవు కబురు పంపారు. కాసేపటికి కమిషనర్ గారు గోడ పట్టుకుని వచ్చారు. మొహం పిండిచల్లినట్టుంది. చొక్కా ఒక బొత్తాం పైకీ ఒకటి కిందికీ పెట్టుకున్నారు.

"గవర్రాజు గారూ... ఫిర్యాదు. రాసుకోండి. నీళ్ళు..."

"ఫోను చేశారాండీ?"

"రాత్రి నుంచీ చేస్తూనే ఉన్నానయ్యా! స్విచ్చాఫ్! స్విచ్చాఫ్!"

"ఛార్జరు మీద సంఘం కూర్చుందిగా అండీ."

"అందుకే నేనే వచ్చాను కదా. రాయండి."

"నేరుగా వచ్చి చెబితే నంబరు రాదండి," అన్నాను. నేను కావాలని అనలేదు. నోరు అలవాటుపడిపోయింది. కావాలనే అన్నానేమో కూడా.

ఆయన నన్ను తిట్టబోయారు. అంతలో కడుపులో ఏదో ఉరిమింది. బల్ల అంచు గట్టిగా పట్టుకున్నారు. "ఆ నియమం రద్దు. ఇప్పుడే. కాగితం ఇవ్వండి." నిలబడే రాశారు, నిలబడే సంతకం పెట్టారు. సంఘం వెయ్యలేదు, మార్కులు వెయ్యలేదు. జేబులోంచి తన ఫోను తీసి నీళ్ళ విభాగానికి ఫోను చేసి, కాలవగట్టు వీధి పైపు ఈ క్షణం తవ్వకపోతే అందరినీ ఇళ్ళకి పంపేస్తానని అరిచారు. తవ్వడం ఇంత తేలికని నాకూ తెలీదు.

నేను కొత్త పుస్తకం తెరిచి, ఒకటి అని అంకె వేసి, తల ఎత్తాను.

"రాయండి. ఇంద్రకాంత్, కమిషనరు..."

"ఒక్క నిమిషమండీ. వరస ఉందండి. ఒకటో నంబరు ఈవిడదండి. మీది రెండండి."

కమిషనర్ గారు పక్కకి చూశారు. నూకరత్నం నమస్కారం పెట్టింది. ఆయన బదులు పెడదామని చెయ్యెత్తి, ఎత్తిన చేత్తోనే పొట్ట పట్టుకున్నారు. "త్వరగా చెప్పమ్మా! త్వరగా!"

నూకరత్నం అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చుంది. కొంగు సర్దుకుంది. కిటికీలోంచి వెనక వీధిలో గునపాల చప్పుడు మొదలైంది. ఆవిడ ఒక క్షణం దాన్ని విని, నాకేసి తిరిగింది.

"నా పేరు నూకరత్నవండి. మాది కాలవగట్టు వీధండి. మొదట్నుంచీ చెప్తాను, ఒక్కటీ వదలకండా రాసుకోండి గవర్రాజుగారూ. నెమ్మదిగానే రాయండి."

నేను కలం విదిలించి, గుండ్రంగా, కుదురుగా, నెమ్మదిగానే రాసుకున్నాను.